పరంజా అద్దె ఎవరు కట్టారు?

మా బ్లాకు చుట్టూ ఇనుప పైపుల పరంజా 43 వారాలు నిలబడింది. 2023 ఏప్రిల్‌లో కట్టారు, మరుసటి ఫిబ్రవరిలో విప్పారు. కప్పు మార్చడానికి నోటీసులో రాసిన గడువు 12 వారాలు. మధ్యలో నెలల తరబడి దాని మీదికి ఎక్కిన మనిషి లేడు. కిటికీలకు అడ్డంగా వల కట్టేశారు, మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకుని పని చేసుకునేదాన్ని. 2024 మేలో ఫైనల్ బిల్లు వచ్చింది. నా వాటా 12,900 పౌండ్లు. మొదట చెప్పిన అంచనా 11,200. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మాది దక్షిణ లండన్‌లో 1960ల నాటి కౌన్సిల్ బ్లాకు. కౌన్సిల్ అంటే ఇక్కడి మునిసిపాలిటీ లాంటిది. మొత్తం 36 ఫ్లాట్లు. 25 ఫ్లాట్లలో ఉన్నవాళ్లు కౌన్సిల్‌కి అద్దె కట్టే టెనెంట్లు, మిగతా 11 మంది నాలాంటి లీజ్‌హోల్డర్లు. 1980 హౌసింగ్ చట్టం వచ్చాక కౌన్సిల్ టెనెంట్లు తాముంటున్న ఇంటిని తగ్గింపు ధరకు కొనుక్కోగలిగారు. అలా ఎవరో కొన్న ఫ్లాటు చేతులు మారి 2021లో మాకొచ్చింది. ఇల్లు మాదే కానీ కప్పు, మెట్లు, బయటి గోడలు కౌన్సిల్‌వి. వాటికి ఏ రిపేరు వచ్చినా మా వాటా మేం కట్టాలి. లండన్‌లో ఇలాంటి ఫ్లాటు కొనాలనుకునే మనవాళ్లు ముందు ఈ ఒక్క సంగతీ తెలుసుకోండి. ధర తక్కువగా కనిపించడానికి ఇదొక కారణం.

ఎదురు ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఉంటారు. 1988 నుంచి ఇక్కడే టెనెంటు. కప్పు కారినప్పుడు రెండు చలికాలాలు హాల్లో బకెట్లు పెట్టుకుని గడిపారు. నా బిల్లు చూసి ఆవిడ అన్న మాట ఇది: "నీకు బిల్లు వచ్చింది, నాకు రాలేదు. అంటే నేనేమీ కట్టనట్టా?"

జవాబు చెప్పలేకపోయాను. ఆవిడ అద్దె 2023 ఏప్రిల్‌లో 7 శాతం పెరిగింది, 2024 ఏప్రిల్‌లో మళ్లీ 7.7 శాతం. నేను కాకినాడలో బీకాం చదివాను, ఇక్కడ పేరోల్‌లో పనిచేస్తున్నాను. అయినా ఆవిడ కట్టే అద్దె ఎక్కడికి పోతుందో ఒక్క ముక్క తెలియదు. అప్పుడు కూర్చుని చదివాను.

ఇంగ్లండ్‌లో సొంత ఇళ్లున్న కౌన్సిళ్లకు హౌసింగ్ రెవెన్యూ అకౌంట్ అని విడిగా ఒక ఖాతా ఉంటుంది. అందరూ హెచ్‌ఆర్‌ఏ అంటారు. 1989 చట్టం ఈ ఖాతా చుట్టూ గోడ కట్టింది. అద్దెలు, మా సర్వీస్ ఛార్జీలు (లీజ్‌హోల్డర్లు రిపేర్లకూ నిర్వహణకూ కట్టే వాటా) ఇందులోకి వస్తాయి. రిపేర్లు, సిబ్బంది జీతాలు, అప్పుల మీద వడ్డీ ఇందులోంచే పోతాయి. ఊళ్లో వాళ్లు కట్టే ఇంటి పన్ను, అంటే కౌన్సిల్ టాక్స్ డబ్బు తెచ్చి ఇందులో పొయ్యకూడదు. అద్దె డబ్బు తీసి రోడ్లకు, లైబ్రరీలకు పెట్టకూడదు. లోటు బడ్జెట్ వెయ్యడానికి చట్టం ఒప్పుకోదు. అంటే ఈ ఖాతాలో ఎక్కడ డబ్బు వృథా అయినా చివరికి భరించేది ఆ ఇళ్లలో ఉన్నవాళ్లే.

ఖాతా బక్కచిక్కడానికి పాత కారణాలున్నాయి. 2012 ఏప్రిల్‌లో జాతీయ సబ్సిడీ పద్ధతి తీసేసి, మీ అద్దెలు మీరే ఉంచుకోండి అన్నారు. బదులుగా చాలా కౌన్సిళ్ల నెత్తిన పెద్ద అప్పు పెట్టారు. అద్దెలు ఏటా పెరుగుతాయని నమ్మి కౌన్సిళ్లు 30 ఏళ్ల ప్లాన్లు వేసుకున్నాయి. 2016 నుంచి వరుసగా నాలుగేళ్లు అద్దె ఏటా 1 శాతం తగ్గించాలని ప్రభుత్వమే చట్టం చేసింది. టెనెంట్లకు అది ఊరటే, కాదనను. కానీ ఆ మేరకు కప్పులకీ లిఫ్టులకీ దాచాల్సిన డబ్బు తగ్గింది. 2022 సెప్టెంబరులో ధరల పెరుగుదల 10.1 శాతం ఉంటే, మరుసటి ఏప్రిల్‌లో అద్దె పెంపు 7 శాతం దాటకూడదన్నారు. సిమెంటుకీ కూలీకీ ఆ పరిమితి లేదు కదా.

నన్ను ఆశ్చర్యపరిచింది తరుగుదల పద్దు, అంటే భవనాలు పాతబడేకొద్దీ తగ్గే విలువకు వేసే లెక్క. మామూలు కంపెనీలో తరుగుదల కాగితం మీది అంకె. హెచ్‌ఆర్‌ఏలో అలా కాదు. ఆ మొత్తాన్ని మేజర్ రిపేర్స్ రిజర్వ్ అనే నిధిలోకి మళ్లించాలి. పెద్ద పనులకో, అప్పు తీర్చడానికో అందులోంచి వాడతారు. మా కప్పులో టెనెంట్ల వాటా వచ్చేది ఇలాంటి చోటి నుంచే. పెద్దావిడకు విడిగా బిల్లు రాకపోవడానికి కారణం అదే. 1988 నుంచీ వారం వారం కడుతూనే ఉన్నారు.

మా నాన్న మునిసిపాలిటీలో అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఫోన్‌లో ఇదంతా విని, "బిల్లు చూస్తే ఏం తెలుస్తుందమ్మా? వోచర్లు అడుగు" అన్నారు. అడిగే దారి ఉంది. 2014 నాటి లోకల్ ఆడిట్ చట్టం ప్రకారం ప్రతి వేసవిలో 30 పనిదినాలు కౌన్సిల్ లెక్కలు తెరిచి ఉంచాలి. సంబంధం ఉన్నవాళ్లెవరైనా ఆ ఏడాది కాంట్రాక్టులు, బిల్లులు, రసీదులు చూడొచ్చు, కాపీలు అడగొచ్చు. స్థానిక ఓటరైతే ఆడిటర్‌ని ప్రశ్నించొచ్చు, అభ్యంతరం రాసివ్వొచ్చు. భారత పౌరులం కామన్వెల్త్ పౌరులం కాబట్టి, వీసా మీద ఉన్నా ఇక్కడ ఓటరుగా నమోదు కావచ్చు. నేను చేరిన నెలలోనే నమోదయ్యాను. అది ఇలా పనికొస్తుందని అప్పుడు అనుకోలేదు.

మా కౌన్సిల్ గడువు జూన్ 3 నుంచి జూలై 12. నోటీసు వెబ్‌సైట్‌లో ఎక్కడో అడుగున ఉంది. మెయిల్ పెడితే సమాచార హక్కు కింద దరఖాస్తు చేసుకోమని జవాబు. అక్కడ పొరపాటు పడకండి. అది వేరే చట్టం. దాని జవాబుకు 20 పనిదినాలు పడుతుంది, ఈలోగా లెక్కలు చూసే ఈ గడువు ముగిసిపోతుంది. నేను 2014 చట్టంలో 26వ సెక్షన్ అని పేరు పెట్టి మళ్లీ రాశాను. రెండోసారి, వ్యాపార రహస్యాలు ఉంటాయన్నారు. రహస్యాలు కొట్టేసి ఇవ్వండి, నాకు పరంజా అద్దె బిల్లులూ వాటి మీద తేదీలూ చాలు అన్నాను. మధ్యలో జూలై 4న దేశమంతా ఎన్నికలు. కౌన్సిల్ సిబ్బంది అంతా ఆ పనిలో మునిగిపోయారు. నాకేమో ఒకటే టెన్షన్. చివరికి జూలై 10న రమ్మన్నారు.

చిన్న గది, ఒక లాప్‌టాప్, ఎదురుగా ఒక కుర్ర ఆఫీసరు. ఎంతో మర్యాదగా ఉన్నాడు, అడిగిన ప్రతిదీ తెరిచి చూపించాడు. కొన్ని గడులు నల్లగా కొట్టేసి ఉన్నాయి, తేదీలు మాత్రం ఉన్నాయి. పరంజా అద్దె వారానికి 1,500 పౌండ్లు. 43 వారాలకీ కట్టారు. పని జరిగిన 12 వారాలు తీసేస్తే 31 వారాలు, 46,500 పౌండ్లు. సబ్‌కాంట్రాక్టరు మధ్యలో మానేశాడని, కొత్తవాడు దొరికేదాకా ఆగారని ఫైల్లో ఉంది. ఆ ఆలస్యానికి మేం కట్టాం.

సర్వీస్ ఛార్జి సహేతుకంగా అయిన ఖర్చుకే ఉండాలని 1985 చట్టం చెబుతుంది, లేదంటే ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. కాపీలు జతచేసి ఆ మాటే రాశాను. ఆగస్టు చివర జవాబు వచ్చింది. 11 మంది లీజ్‌హోల్డర్ల బిల్లుల్లోంచి 31 వారాల అద్దె తీసేశారు. నాకు సుమారు 1,290 పౌండ్లు తగ్గాయి. ఆ సాయంత్రం ఇంట్లో పాయసం చేశాను.

మర్నాడు ఆ ఉత్తరం మళ్లీ చదివాను. చివరి పేరాలో ఒక వాక్యం: తగ్గించిన మొత్తాన్ని హెచ్‌ఆర్‌ఏ భరిస్తుంది.

అంటే మా 11 మందికి తగ్గిన 14 వేల పైచిలుకు కూడా టెనెంట్ల అద్దె ఖాతా మీదే పడింది. అంతకుముందే వాళ్ల వాటాగా పడిన 32 వేలకు ఇది అదనం. నాకు చట్టం ఉంది, ట్రిబ్యునల్ ఉంది, చేతిలో బిల్లు ఉంది. పెద్దావిడకు బిల్లే లేదు, ఇక దేన్ని కాదనాలి? నాకు తగ్గిన డబ్బు ఆవిడ కట్టాల్సి రావడం మనసుకు చాలా కష్టంగా అనిపించింది. ఆ పాయసం పెద్ద గిన్నెడు ఆవిడకు కూడా ఇచ్చొచ్చాను మరి.

వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ నా మీద కోప్పడలేదు. "అయితే ఆ కాంట్రాక్టరు దగ్గర ఎవరు అడిగారు?" అన్నారు. అసలు అడగాల్సిన ప్రశ్న అదే. ఆడిటర్‌కి రాసే గడువు అప్పటికే అయిపోయింది. మా వార్డు కౌన్సిలర్ని కలిశాం. హౌసింగ్ కమిటీ మీటింగులో ప్రజలు ప్రశ్న అడిగే సమయం ఉంటే, ఆవిడ పేరు మీదే ప్రశ్న ఇచ్చాం. నిలబడి ఆవిడే చదివారు. ఆలస్యానికి కాంట్రాక్టరు నుంచి రాబట్టుకునే షరతు ఒప్పందంలో ఉందా, ఉంటే వాడారా? ఉందని, పరిశీలిస్తున్నామని జవాబిచ్చారు. తర్వాత నాలుగుసార్లు గుర్తుచేయాల్సి వచ్చింది. 2025 మార్చిలో రాతపూర్వకంగా చెప్పారు: కాంట్రాక్టరుకు చివర ఇవ్వాల్సిన మొత్తంలోంచి 30 వేల పౌండ్లు మినహాయించుకున్నామని. మిగతా 16,500 రాలేదు. అది ఇప్పటికీ నాకు అన్యాయంగానే తోస్తుంది.

2025 జూలైలో మళ్లీ లెక్కలు తెరిచారు. ఈసారి ఇద్దరం వెళ్లాం. అదే గది. ఆ 30 వేలు నిజంగా హెచ్‌ఆర్‌ఏలోకి వచ్చాయా, ఇంకెక్కడైనా జమచేశారా చూడాలన్నది ఆవిడ పట్టుదల. ఆఫీసరు పద్దు తెరిచాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, అంకె మీద వేలు ఉంచి, తేదీతో సహా నోట్‌బుక్‌లో రాసుకున్నారు. తర్వాత పేజీ తిప్పి, కింది అంతస్తులో తొమ్మిది నెలలుగా తాళం వేసి ఉన్న ఫ్లాటుకి అద్దె ఎంత పోయిందో చూపించమన్నారు.