38–12 తరువాతి ఆదివారం

నిన్నటి రగ్బీ మ్యాచ్‌లో మా జట్టు 38–12తో గెలిచింది. ట్రైలు (బంతిని అవతలి జట్టు గోల్ గీత దాటించి నేలకు ఆనించడం) నాలుగు దాటాయి కాబట్టి గెలుపుకు వచ్చే నాలుగు పాయింట్లకు తోడు బోనస్ పాయింటు కూడా దక్కి, పట్టికలో ఒక మెట్టు పైకి ఎక్కాము. ఇంత జరిగినా, ఆట ముగిసి మైదానం నుంచి బయటికి నడుస్తున్నప్పుడు చూడటానికి వెళ్లిన మా ముగ్గురిలో ఏ ఇద్దరి అభిప్రాయమూ కలవలేదు. ఆ వాదన రాత్రంతా నా తలలో తిరుగుతూనే ఉండి, ఈ రోజు సెలవునంతా తినేసింది.

ముందుగా నిన్న దిగిన జట్టు ఎలాంటిదో రాసుకోవాలి, లేకపోతే ఏడాది తరువాత ఈ పేజీ తిరగేసినప్పుడు ఆ అంకె చూసి నేనే మోసపోతాను. మామూలుగా ఆడే పదిహేను మందిలో తొమ్మిది మంది లేరు. అయిదుగురు జాతీయ జట్లకు వెళ్లారు. అంతర్జాతీయ మ్యాచ్‌లకు కేటాయించిన వారాలలో పిలిచిన ఆటగాళ్లను క్లబ్బులు వదలక తప్పదు గానీ, లీగు మాత్రం వాళ్ల కోసం ఆగదు. మిగిలిన నలుగురూ గాయాలతో ఇంటిపట్టున ఉన్నారు. అవతలి జట్టు పట్టికలో అట్టడుగున ఉంది, ఈ సీజనులో ఒక్కటంటే ఒక్క మ్యాచ్ గెలిచింది. అంటే మాకు బలం లేదు, వాళ్లకు అంతకంటే లేదు. ఇలాంటి రెండు జట్లు తలపడినప్పుడు వచ్చిన స్కోరును దేనితో పోల్చి చూడాలన్నదే అసలు చిక్కు.

బాబాయికి ఆ చిక్కే లేదు. "గెలిచారుగా, ఇంకా ఆ మొహం ఏమిట్రా? పట్టికలో ఎవరు ఆడారో, ఎవరు ఆడలేదో రాయరు," అన్నాడు. మాతో వచ్చిన మిత్రుడిది పూర్తిగా ఎదురు వాదన. ఆ జట్టు మీద యాభై కొట్టలేనివాళ్లు వచ్చే వారం అగ్రస్థానంలో ఉన్న జట్టు ముందు నిలబడలేరని అతను తేల్చేశాడు. యాభై అన్న మాట ఆటకు ముందు నా నోటినుంచే వచ్చిందని అతనికి గుర్తు లేనందుకు సంతోషించి, నేను మాట్లాడకుండా నడిచాను.

బలహీనమైన జట్టు మీద రెండో శ్రేణి ఆటగాళ్లు సాధించిన అంకెను ఎంతవరకు నమ్మవచ్చో ఆలోచించినప్పుడల్లా నాకు 1995 ప్రపంచ కప్పు గుర్తుకు వస్తుంది. బ్లూమ్‌ఫాంటైన్‌లో జపాన్ మీద న్యూజిలాండ్ తన ముఖ్యమైన ఆటగాళ్లలో చాలా మందికి విశ్రాంతి ఇచ్చి కూడా 145–17తో గెలిచింది. ఆటను నడిపించే ఫ్లైహాఫ్ స్థానంలో దిగిన సైమన్ కల్‌హేన్‌కు అది తొలి అంతర్జాతీయ మ్యాచ్. జట్టు చేసిన 21 ట్రైలకు 20 కన్వర్షన్లు (ట్రై తరువాత బంతిని గోలులోకి తన్నితే వచ్చే రెండేసి పాయింట్లు) కొట్టి, తానూ ఒక ట్రై చేసి, ఒక్కడే 45 పాయింట్లు సాధించాడు. అంత చేసినా ఫైనల్లో ఆ స్థానంలో ఆడింది అతను కాదు, ఆండ్రూ మెర్టెన్స్. ఆ ఫైనల్లో న్యూజిలాండ్ అదనపు సమయంలో 15–12తో దక్షిణాఫ్రికా చేతిలో ఓడిపోయింది. 145 కొట్టిన జట్టుకు మూడు వారాలు తిరగకుండానే ఒక్క ట్రై కూడా దొరకలేదు. 45 పాయింట్లు చూసి కూడా శిక్షకులు తమ ఫ్లైహాఫ్‌ను మార్చలేదంటే, వాళ్లు స్కోరుబోర్డు వైపు కాక మరెటో చూస్తున్నారని అర్థం. ఎటు చూశారో నాకు తెలిస్తే ఈ ఆదివారం ఇంత పొడవుగా ఉండేది కాదు.

అందుకని ఉదయం కాఫీ కూడా పూర్తి చేయకుండా రికార్డింగు పెట్టుకుని, పక్కన నోటుపుస్తకం పెట్టుకుని ఆట మొత్తం మళ్లీ చూశాను. నా పద్ధతి మొదట చాలా సులువుగా ఉండింది. అవతలివాళ్లు చేజేతులా ఇచ్చినవన్నీ లెక్కలోంచి కొట్టేసి, మిగిలినదే మా ఆట అనుకోవాలి. మేము చేసినవి ఆరు ట్రైలు. 56వ నిమిషంలో వాళ్ల సెంటర్ (మైదానం నడుమ ఆడేవాడు) ఎత్తుగా టాకిల్ చేసి, అంటే భుజాలకు పైన పట్టుకుని, యెల్లో కార్డుతో పది నిమిషాలు బయట కూర్చున్నాడు. ఆ పది నిమిషాల్లో మాకు రెండు ట్రైలు వచ్చాయి, పద్నాలుగు మంది మీద చేసినవి కాబట్టి కొట్టేశాను. 79వ నిమిషంలో వచ్చిన చివరిది, కాళ్లు ఈడ్చుకుంటున్నవాళ్లు గాలిలోకి వదిలిన పాసును అంచున ఆడే మా వింగర్ మధ్యలో అందుకుని పరుగెత్తినది, దాన్నీ కొట్టేశాను. మిగిలినవి మూడు. విరామానికి స్కోరు 12–5 మాత్రమేనని కూడా పక్కన రాసుకుని, మిత్రుడిదే సరైన మాటేమో అనుకున్నాను.

స్క్రమ్ (రెండు జట్ల నుంచి ఎనిమిదేసి మంది పెనవేసుకుని బంతి కోసం తోసుకునేది) గురించి ఎక్కువ రాయనక్కరలేదు. దాని ముందు వరుసలో కుడివైపు ప్రాప్‌గా దిగిన కుర్రాడు మొదటి సగంలో మూడు పెనాల్టీలు ఇచ్చాడు, మూడుసార్లూ ఒకే విధంగా, నడుము కుంగి మోచేయి నేలను తాకి. 50వ నిమిషంలో బెంచ్ మీది నుంచి పాత ప్రాప్ రాగానే ఆ పెనాల్టీలు ఆగిపోయాయి. ముందు వరుసకు తగిన శిక్షణ ఉన్నవాళ్లు లేకపోతే స్క్రమ్‌లో తోపులాటనే నిలిపివేయాల్సి వస్తుంది కనుకనే రిజర్వులలో వాళ్లను తప్పనిసరిగా ఉంచుతారు. మా అదృష్టం కొద్దీ ఆ రిజర్వు ముప్ఫై అయిదేళ్లు దాటినవాడు.

నా సమయమంతా లైనౌట్ దగ్గరే, అంటే బంతి పక్క గీత దాటాక వరుసలుగా నిలబడ్డ రెండు జట్ల నడుమకు దాన్ని విసిరి ఆటను మళ్లీ మొదలుపెట్టే దగ్గరే గడిచింది. మేము విసిరినవి పదమూడు, పోగొట్టుకున్నవి నాలుగు. వాటిలో మూడు మొదటి సగంలోనివే, అదీ ఆరింట మూడు. బంతి విసిరే హుకర్ కొత్తవాడు, గాయపడిన మా అసలు హుకర్ స్థానంలో ఈ సీజనులో మొదటిసారి ఆట మొదటినుంచి ఆడాడు. మైదానంలో చూస్తున్నప్పుడు మేము ముగ్గురమూ, బాబాయితో సహా, తప్పు వాడి చేతిదేనని తీర్మానించాము. ఇంట్లో ఆ మూడింటినీ ఆపి ఆపి చూస్తే వేరే సంగతి కనబడింది. కుర్రాడు బంతిని చొక్కాకు తుడుచుకుని, రెండు చేతులతో తల వెనక్కు తీసుకుని, క్షణం నిలిపి వదులుతున్నాడు. మూడుసార్లూ బంతి రెండు వరుసల నడుమ తిన్నగానే వెళ్లింది. తోటివాళ్లు ఎత్తగా గాలిలోకి లేచి బంతి అందుకోవాల్సిన లాక్ మాత్రం బంతి సగం దూరం వచ్చాక గానీ నేలను వదలలేదు. ఎత్తవలసిన ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. బంతి అతని వేళ్లకు జానెడు పైనుంచి వెళ్లిపోయి అవతలివాళ్ల చేతుల్లో పడింది. విసిరేవాడిలో లోపం లేదు, ఎప్పుడు లేవాలో చెప్పేవాడు లేడు. మా లైనౌట్‌కు సంకేతాలు ఇచ్చేది జాతీయ జట్టుకు వెళ్లిన లాక్. అతని స్థానంలో ఎత్తుగా ఉన్న మరొకరిని నిలబెట్టారు గానీ, ఆ గొంతు స్థానంలో ఎవరినీ నిలబెట్టలేదు.

రెండో సగంలో పోయినది ఏడింట ఒక్కటే. అంకె చూస్తే లోపం దిద్దుకున్నారని అనిపిస్తుంది, నేను కూడా నిన్న రాత్రి అలాగే అనుకున్నాను. నిజానికి కెప్టెన్ చేసినది ఏమిటంటే, విసుర్లలో చాలా వాటిని వరుసలో మొట్టమొదట నిలబడినవాడికే మళ్లించాడు. దూరం తక్కువ, సమయం కలవకపోయినా పెద్దగా నష్టం లేదు, బంతి మన చేతికే వస్తుంది. అయితే అక్కడ అందిన బంతి టచ్‌లైను అనే పక్క గీతకు దగ్గరగా ఉండిపోతుంది, అది బంతిని వెనక్కి అందించే స్క్రమ్‌హాఫ్ ద్వారా ఫ్లైహాఫ్‌ను చేరేలోపు అవతలి రక్షణకు ముందుకు దూసుకు వచ్చే తీరిక దొరుకుతుంది. అట్టడుగు జట్టు ఆ తీరికను వాడుకోలేదు. వచ్చే వారం రాబోయే జట్టు తప్పకుండా వాడుకుంటుంది. దిద్దుబాటులా కనిపించిన ఈ మార్పు ఒక అడుగు వెనక్కి వేయడమేనని రాసుకుని, నోటుపుస్తకంలో ఆ పేజీ మూసేయబోయాను.

మూసేయకుండా ఆపినది 64వ నిమిషం. వాళ్లు పద్నాలుగు మందితో ఉన్నప్పుడు వచ్చిన రెండో ట్రై అది, ఉదయమే నేను కొట్టేసినది. మాకు ఎడమవైపు లైనౌట్ దొరికింది. కెప్టెన్ ఒక్కసారి హుకర్ వైపు చూశాడు. కుర్రాడు ఎప్పటిలాగే బంతిని తుడుచుకున్నాడు, ఈసారి తల వెనక మరికాస్త ఎక్కువసేపు నిలిపాడు. వరుస చివర పదిహేను మీటర్ల గీత దగ్గర మా ఫ్లాంకర్ పైకి లేచిన క్షణానికే బంతి అతని చేతుల మధ్య ఉంది. నేలకు దిగకముందే దాన్ని స్క్రమ్‌హాఫ్‌కు వదిలాడు, ఫ్లైహాఫ్ పరుగులోనే అందుకున్నాడు, సెంటర్ ఒకరిని తనవైపు లాగి వింగర్‌కు ఇచ్చాడు. ఆ ఒక్క విసురును నేను అయిదుసార్లు చూశాను. కార్డు పడి బయట కూర్చున్నది సెంటర్ కాబట్టి, లైనౌట్‌లో వాళ్ల మనుషులు తగ్గలేదు. అక్కడ వాళ్లు నిండుగా నిలబడి, ఎగిరి పోటీ పడ్డారు కూడా. ట్రై వాళ్ల సెంటర్ లేని సందులోంచి వచ్చి ఉండవచ్చు గాక, ఆ విసురు మాత్రం ఏ జట్టు మీదనైనా చెల్లుతుంది. ట్రైలను కొట్టేసుకుంటూ పోయిన నా పద్ధతిలో నిన్నటి ఆటలోని అత్యుత్తమ క్షణం కూడా కొట్టివేతలో పోయిందని తెలిసి, పుస్తకంలో ఆ గీతను చెరిపి పక్కన "విసురు ఉంచాలి" అని రాశాను.

రక్షణ గురించి రెండు ముక్కలు చాలు. 71వ నిమిషంలో వాళ్లు చేసిన ట్రైకి ముందు మావాళ్లు వరుసగా నాలుగు టాకిల్‌లు జారవిడిచారు. అప్పటికి స్కోరు 33–5, బెంచ్ మొత్తం దిగిపోయి ఉంది, ఆ నాలుగింటినీ పెద్ద నేరంగా పట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ఎవరికీ కొత్తగా గాయాలు కాకపోవడం మాత్రం నా లెక్కలో బోనస్ పాయింటుకంటే తక్కువది కాదు. 2023 ప్రపంచ కప్పులో ఫ్రాన్స్ నమీబియాను 96–0తో చిత్తు చేసింది, ఆ మ్యాచ్‌లోనే కెప్టెన్ ఆంటోయిన్ డుపాంట్ చెంప ఎముక విరిగింది. అతను క్వార్టర్‌ఫైనల్‌కు తిరిగి వచ్చినా ఫ్రాన్స్ 29–28తో దక్షిణాఫ్రికా చేతిలో ఓడి ఇంటిదారి పట్టింది.

సాయంత్రం బాబాయికి ఫోన్ చేసి లైనౌట్ సంగతంతా చెప్పాను. చాలాసేపు ఓపికగా విని, "అయితే నిన్న ఆ కుర్రాణ్ణి నేను అనవసరంగా తిట్టానంటావు," అన్నాడు. మనిద్దరమూ తిట్టామన్నాను. అప్పుడు ఆయన అసలు వార్త చెప్పాడు. మా పాత హుకర్ కోలుకుని శుక్రవారమే సాధనకు వచ్చాడట, వచ్చే వారం మొదటి పదిహేనులో అతనే ఉంటాడట. నెల రోజులుగా అతను లేడని, అతను ఉంటే ఇలా ఉండేది కాదని ఏడ్చినవాళ్లలో నేను మొదటివాణ్ణి. అయినా ఆ మాట వినగానే లోపల ఏదో చివుక్కుమంది. "కుర్రాడు బెంచ్ మీద ఉంటాడా?" అని మాత్రం అడిగాను. ఉంటాడన్నాడు. లాక్ ఇంకో వారం జాతీయ జట్టుతోనే ఉంటాడు, కాబట్టి విసిరేది ఎవరైనా సంకేతాలు ఎవరు ఇస్తారన్నది ఇంకా తేలలేదు. జట్టును ప్రకటించేది గురువారం.