కొండ దిగివచ్చిన సాయంత్రం

డిసెంబరు రెండో వారంలో, ఈశాన్య రుతుపవనాల వానలు కాస్త తెరిపి ఇచ్చిన ఒక సాయంత్రం, చాలాకాలంగా మూలన పడి ఉన్న సైకిలును తుడిచి, చక్రాలకు గాలి కొట్టించి తిరుపతి వీధుల్లోకి బయలుదేరాను. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటున్నా, కొండ ఎక్కే దారుల గురించి ఆలోచించానే తప్ప, కొండ మీద నుంచి ఊళ్లోకి ఏమేం దిగివస్తాయో ఎన్నడూ గమనించలేదు.

గోవిందరాజస్వామి గుడి దగ్గరే మొదటిసారి ఆగవలసి వచ్చింది. 1130లో రామానుజులు ఇక్కడ స్వామిని ప్రతిష్ఠించారని, ఆ గుడి చుట్టూ వెలసిన వీధులే తిరుపతి అయ్యాయని పెద్దలు చెబుతారు. తలనీలాలు సమర్పించి వచ్చిన ఒక కుటుంబం రైలుస్టేషను వైపు నడుస్తోంది. తండ్రి భుజం మీద నిద్రపోతున్న పాప గుండుకు పూసిన చందనం ఎండి, సన్నని బీటలు వారి, ఆ బీటల్లోంచి లేత చర్మం కనిపిస్తోంది. చలిగాలి తగలకుండా తల్లి తన కొంగు చివరను ఆ పాప తలపై కప్పుతూ నడుస్తోంది.

లీలామహల్ కూడలి దాటి కపిలతీర్థం చేరేసరికి నీటి హోరు వినిపించింది. వేసవిలో పలుచని ధారగా మిగిలే జలపాతం, శేషాచలం మీద కురిసిన వానలన్నీ కలిసి, తెల్లగా విరుచుకుని పడుతోంది. కొండ పాదంలో వెలసిన కపిలేశ్వరుడి గుడి దీపాలు కోనేటి నీళ్లలో ఒక్క క్షణమైనా నిలకడగా లేవు. గట్టున నిలబడితే ముఖమంతా తుంపర పడింది. చలికి వణుకుతూ కూడా అక్కడినుంచి కదలబుద్ధి కాలేదు.

అలిపిరి చేరేసరికి చీకటి పడింది. 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి వాడుతున్నారు. దిగే వాహనాల దీపాలు కొండ మలుపుల్లో మాయమవుతూ, మళ్లీ వెలుగుతూ వస్తున్నాయి. వాటికి ఎగువన గాలిగోపురం దగ్గర వెలిగే శంఖచక్రనామాలు మంచులో కొద్దిగా మసకబారాయి.

అక్కడి నుంచి జూపార్కు వైపు కొంత దూరం తొక్కగానే చెయిన్ ఊడిపోయింది. సైకిలును పక్కకు తీసి, నూనె మరకల చేతులతో దాన్ని పళ్ల చక్రానికి తగిలిస్తుండగా పొదల్లో ఎండుటాకులు చప్పుడు చేశాయి. తల ఎత్తి చూస్తే మూడు చుక్కల దుప్పులు. ముందున్నది రోడ్డు అంచున ఒక కాలు ఎత్తి ఆగింది. చెవులు అటూ ఇటూ తిప్పి, నా వైపు ఒకసారి చూసి, నింపాదిగా రోడ్డు దాటింది. మిగతా రెండూ దాని వెనకే వెళ్లాయి. చెయిన్ ఊడకపోయి ఉంటే అవి నా కంట పడేవే కావు.

అటుగా వచ్చిన ఒక ఆటోడ్రైవరు బండి ఆపి, “నా, ఈడ నిలబడొద్దు. చీకటి పడితే చిరుతలు తిరగతా ఉంటాయి,” అన్నాడు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైనప్పటి నుంచి ఈ మాటను ఎవరూ తేలిగ్గా తీసుకోరు. నేను చెయిన్ బిగించి సైకిలెక్కేదాకా ఆయన ఆటో హెడ్‌లైటును నా వైపు తిప్పి ఉంచి, కూడలి వచ్చేవరకు నా వెనకే నెమ్మదిగా నడిపించుకుంటూ వచ్చాడు.