కార్తాగోలో ఒక సీజన్: పాయింట్ల పట్టిక చదవడం నేర్చుకున్న తీరు

2022 జనవరిలో మా సంస్థ నన్ను ఆరు నెలల పని మీద కోస్టారికా పంపినప్పుడు, రాజధాని సాన్ హోసేకు తూర్పున ఉన్న కార్తాగో అనే ఊళ్లో ఒక ఇంటి వెనక గదిలో అద్దెకు దిగాను. ఆ దేశపు ప్రథమ శ్రేణి ఫుట్‌బాల్ లీగ్‌ను వారం వారం పట్టిక రాసుకుంటూ అనుసరించడానికి ఆట మీద మక్కువ కారణం కాదు. అంతవరకు నాకు తెలిసిన ఫుట్‌బాల్ అంటే ప్రపంచ కప్పే, అది కూడా నాలుగేళ్లకోసారి. అసలు కారణం ఇంటి యజమాని. డెబ్బై దాటిన ఆ పెద్దాయనతో, ఆన్‌లైన్ పాఠాలతో అబ్బిన నా అరకొర స్పానిష్‌తో, భోజనాల బల్ల దగ్గర మాట్లాడదగిన విషయం మరొకటి దొరకలేదు. వాతావరణం గురించి రెండు రోజులు మాట్లాడుకున్నాం, మూడో రోజుకు అదీ అయిపోయింది.

మొదటి చిక్కు పేర్లతో వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు చూసి నేను 'కార్టజినెస్' అన్న జట్టు నిజానికి కార్తహినేస్, ఆ ఊరి సొంత జట్టు. 'హెరెడియానో' అనుకున్నది ఎరెదియానో, ఎందుకంటే స్పానిష్‌లో ఆ మొదటి అక్షరం పలకదు. 'అలజువెలెన్స్' అని నేను నోరు తిప్పుకున్నది అలహ్వెలెన్సే. ఇక్కడ తెలుగు నాకు ఎంతగానో అక్కరకొచ్చింది. స్పానిష్ వారి త, ద శబ్దాలు మన త, ద లకు చాలా దగ్గరగా ఉంటాయి కనుక, పేర్లను తెలుగు లిపిలో రాసుకుని చదవడం మొదలుపెట్టాక ఉచ్చారణ చాలావరకు కుదుటపడింది. నా నోట 'కార్తహినేస్' సరిగ్గా వచ్చిన రోజున పెద్దాయన తల పంకించి, గుడ్డ సంచిలో కాఫీ వడపోసే తన చెక్క స్టాండు ముందు నిలబడి నాకు రెండో కప్పు పోశారు.

ఒక దుకాణంలో గీతల నోటుపుస్తకం కొని, పన్నెండు జట్ల పేర్లు తెలుగులో రాసి, ఆడినవి, గెలిచినవి, సమమైనవి, ఓడినవి, పాయింట్లు అని గళ్లు గీశాను. ప్రతి సోమవారం పెద్దాయన చదివి పక్కన పెట్టిన పత్రికలోంచి అంకెలు ఎక్కించేవాణ్ణి. నాలుగు వారాలు శ్రద్ధగా రాశాక ఒక రాత్రి ఆయన నా పుస్తకం తీసుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, కాగితాన్ని దీపానికి దగ్గరగా పట్టుకుని చూసి, "మీరు ఇన్నాళ్లూ శ్మశానం లెక్క రాస్తున్నారు" అన్నారు. కోస్టారికాలో చాలామంది ఇంట్లో వాళ్లను కూడా 'మీరు' అనే పిలుస్తారు. ఈయన పెంపుడు కుక్కను కూడా అలాగే మందలించేవారు కనుక, ఆ గౌరవ వాచకంలో ఎగతాళి ఎంతో తేల్చుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది.

జరిగిన పొరపాటు ఇది. ఇంగ్లండ్ లీగ్‌లాగా ఏడాదికి ఒకే పట్టిక, ఒకే విజేత అని నేను అనుకున్నాను. కోస్టారికాలో ఒక సీజన్ అంటే రెండు టోర్నమెంట్లు: జూలై ప్రాంతంలో మొదలై డిసెంబరుకు ముగిసే అపెర్తూరా ఒకటి, జనవరిలో మొదలయ్యే క్లౌసూరా మరొకటి. దేనికదే వేరుగా విజేతను ఇస్తుంది. నేను వచ్చేసరికే 2021 డిసెంబరులో ఎరెదియానో ఒక టైటిల్ గెలుచుకుని ఉంది. పత్రిక రెండు పట్టికలు వేస్తుంది. క్లౌసూరా పాయింట్లది ఒకటైతే, రెండు టోర్నమెంట్లనూ కలిపి కూడిన 'అకుములాదా' రెండోది. ఈ రెండో పట్టికను జనం చూసేది ముఖ్యంగా అట్టడుగున ఉండి రెండో శ్రేణికి పడిపోయేది ఎవరా అని. అందుకే పెద్దాయన శ్మశానం లెక్క అన్నారు. నేను నాలుగు వారాలుగా టైటిల్ పోరు అనుకుని ఎక్కించుకుంటున్నది దాన్నే.

పుస్తకం మళ్లీ మొదటి పేజీ నుంచి రాశాను. ఆ సీజన్‌లో పన్నెండు జట్లు ఒక్కొక్కరితో ఇంటా బయటా ఆడేవి కనుక ఒక్కో జట్టుకు టోర్నమెంటుకు 22 మ్యాచ్‌లు. మొదటి నాలుగు స్థానాల వారికి సెమీఫైనల్, ఆపైన ఫైనల్, అన్నీ రెండేసి మ్యాచ్‌ల పోటీలు. ఇంతవరకు నాకు ఇబ్బంది లేదు. అయితే 22 మ్యాచ్‌ల తర్వాత అగ్రస్థానంలో ఉన్న జట్టు మధ్యలో ఓడిపోయినా దాని కథ ముగియదు. ఫైనల్ గెలిచినది వేరే జట్టయితే, ఆ జట్టు మళ్లీ ఈ అగ్రస్థానం వారితో 'గ్రాన్ ఫినాల్' ఆడి గెలవాలి. ఐపీఎల్‌లో మొదటి రెండు స్థానాల వారికి ఒక ఓటమిని తట్టుకునే వీలున్నట్టు ఇక్కడ ఒక్క మొదటి స్థానానికే ఆ భరోసా ఉంటుంది. ఇది న్యాయమేనా అని అడిగితే పెద్దాయన 2021 క్లౌసూరా సంగతి చెప్పారు. అప్పుడు నాలుగో స్థానంతో అతికష్టం మీద లోపలికి వచ్చిన సప్రిసా, అగ్రస్థానంలో ఉన్న అలహ్వెలెన్సేను చివరికి గ్రాన్ ఫినాల్‌లోనూ ఓడించి కప్పు ఎత్తుకుపోయింది. నాకైతే ఆ పద్ధతి ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడదు. ఐదు నెలల కష్టానికి దక్కేది రెండో అవకాశమేనా అనిపిస్తుంది.

స్టేడియానికి వెళ్లడం ఫిబ్రవరిలో, కోవిడ్ ఆంక్షలు ఇంకా పూర్తిగా సడలని రోజుల్లో మొదలైంది. కార్తహినేస్ సొంత మైదానం పేరు హోసే రఫాయెల్ మేసా స్టేడియం, ఊళ్లో అందరూ 'ఫెయ్యో మేసా' అంటారు. అక్కడ టికెట్లు 'సోల్', 'సోంబ్రా' అని రెండు రకాలు, అంటే ఎండ వైపు, నీడ వైపు. నీడ వైపు ఖరీదు ఎక్కువ. హైదరాబాదు ఎండలకు అలవాటుపడిన నేను ముందువెనకలు ఆలోచించకుండా నీడకే డబ్బు పెట్టాను. కార్తాగో సుమారు 1,400 మీటర్ల ఎత్తున, ఇరాసూ అగ్నిపర్వతం పాదాల దగ్గర ఉంది, ఆ జట్టు అభిమానుల మారుపేరే 'బ్రుమోసోస్', అంటే పొగమంచు వాళ్లు. ఇవన్నీ తెలిసి కూడా పలుచని చొక్కాతో నీడలో కూర్చుని రెండో సగమంతా చేతులు చంకల్లో పెట్టుకుని వణికాను. తర్వాతి మ్యాచ్ నుంచి చవకైన ఎండ వైపుకు మారాను. అక్కడా పెద్దగా ఎండ ఉండేది కాదు గానీ, మనుషులు దగ్గరదగ్గరగా నిలబడి ఎగురుతారు కనుక చలి తెలియదు.

ఈ జట్టు గురించి ఊరు మోస్తున్న బరువు ఎంతో నాకు అర్థమైంది అక్కడే. 1940లో మూడోసారి లీగ్ విజేతలైన తర్వాత కార్తహినేస్ మళ్లీ గెలవలేదు. 1994లో ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ దేశాల క్లబ్బులన్నిటిలో విజేతగా కాంకకాఫ్ కప్పు తెచ్చుకున్న జట్టే తన దేశపు లీగ్‌ను మాత్రం అందుకోలేకపోయింది. 2013 ఫైనల్లో ఎరెదియానో చేతిలో పెనాల్టీల్లో ఓడింది. ఆ ఊళ్లో దీనికి 'మున్యేకో' శాపం అని ఒక కథ ఉంది. జట్టు దుస్తులు తొడిగిన ఒక బొమ్మను ఎవరో ఎక్కడో పాతిపెట్టారట, అది బయటపడేదాకా కప్పు రాదట. విజయోత్సవంలో గుర్రాల మీద చర్చిలోకి దూసుకెళ్లిన వారిని చూసి పాదిరీ శపించాడని ఇంకో పాఠాంతరం. పెద్దాయన వీటిని నమ్మనంటారు. అయినా మ్యాచ్ ఉన్న రోజున ఆయన ఇంట్లోంచి బయటికి అడుగుపెట్టరు, రేడియో ఉన్న అల్మరా పక్క కుర్చీ మారరు. 1940 విజయాన్ని చూసింది ఆయన తండ్రి. 'చూడనిదాన్ని మరచిపోవడం కష్టం' అని ఒకసారి ఆయనే అన్నారు.

జూన్ 14న ఖతర్‌లో కోస్టారికా జాతీయ జట్టు న్యూజిలాండ్‌ను 1-0తో ఓడించి ప్రపంచ కప్పుకు అర్హత సాధించింది. మూడో నిమిషంలోనే జోయెల్ క్యాంప్‌బెల్ గోల్ కొట్టాడు. కోస్టారికాలో అది మధ్యాహ్నపు వేళ కనుక మా ఆఫీసులో ఒక్క కీబోర్డు చప్పుడు కూడా వినిపించలేదు. అప్పటికింకా క్లౌసూరా పూర్తికాలేదు. నా ఒప్పందం మాత్రం జూన్‌తోనే ముగిసింది. ఆఖరి రోజుల్లో సామాను సర్దుకోవడం, బ్యాంకు ఖాతా మూయించుకోవడం, గది తాళం అప్పగించడం వంటి పనుల మధ్య నా పుస్తకంలో చివరి పేజీలు సగమే నిండాయి. టైటిల్ కోసం కార్తహినేస్, అలహ్వెలెన్సే తలపడబోతున్నాయని తెలిసేసరికి నేను హైదరాబాదులో ఉన్నాను.

రెండో మ్యాచ్ అలహ్వెలెన్సే సొంత ఊరు అలహ్వేలాలో. కోస్టారికా గడియారం మనకంటే పదకొండున్నర గంటలు వెనక కనుక, అక్కడి రాత్రి మ్యాచ్ ఇక్కడ పొద్దున్న టీ తాగే వేళకు పడుతుంది. నా దగ్గర ప్రసారం చూసే మార్గం లేక పెద్దాయనకు వాట్సాప్‌లో ఫోన్ చేస్తే, పలకరింపులు కూడా లేకుండా "ఉండండి" అని ఫోనును రేడియో ముందు బల్ల మీద పెట్టేశారు. వ్యాఖ్యాత వేగానికి నా స్పానిష్ అందలేదు. గోల్ పడితే కేక వినబడేది, అది ఎవరిదో తెలుసుకోవడానికి పెద్దాయన దగ్గు వైపు చెవి పెట్టాల్సి వచ్చేది. ఆఖర్లో వ్యాఖ్యాత గొంతు బొంగురుపోయి, 'కార్తహినేస్' అన్న ఒక్క మాటే పదేపదే రాసాగింది. ఎనభై రెండేళ్ల తర్వాత ఆ జట్టు విజేత.

పెద్దాయనను పిలిచాను, పలకలేదు. కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు తెరుచుకున్న చప్పుడు విన్నాను. ఆ తలుపును ఎవరూ మూయలేదు, కనుక వీధిలోని కార్ల హారన్లు, ఎవరో గిన్నె మీద గరిటెతో కొడుతున్న మోత, వాటి మీదుగా ఇంకా ఆగని రేడియో, అన్నీ కలిసి పదకొండు నిమిషాల పాటు నా ఫోన్లోకి వచ్చాయి. ఆ తర్వాత ఆఫీసుకు ఆలస్యమవుతోందని నేనే కాల్ కట్ చేశాను.