మా నీళ్ల సంగతి ఏ ప్యాకెట్ మీదా ఉండదు

మాది కోనసీమ. ఇంటి ముందు పంటకాలువ, పెరట్లో కొబ్బరిచెట్లు. మా ఆయనకి గుంతకల్లు రైల్వేలో ఉద్యోగం కావడంతో పెళ్లయ్యాక అనంతపురం జిల్లాకి వచ్చాను. ఇక్కడ ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్తున్నాను. ఊరు మారితే తిండి, మాట మారతాయని అందరూ చెప్తారు. స్నానం, తలంటు, పళ్లు తోముకోవడం కూడా మారతాయని ఎవరూ చెప్పరు.

మొదట తెలిసొచ్చింది సబ్బుతోనే. మా ఊళ్లో కాస్త రుద్దితే చాలు, ఆ నురగ కడుక్కోవడానికే రెండు చెంబులు కావాలి. ఇక్కడి బోరు నీళ్లలో అదే సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. ఒంటి మీద తెట్టు కడుతుంది, బకెట్ అంచున తెల్లగా పేరుకుంటుంది, జుట్టేమో పీచులా తయారవుతుంది. పదో తరగతి పిల్లలకి నేను చెప్పే పాఠమే ఇది. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే సబ్బు ముందు వాటితో కలిసి కరగని తెట్టుగా మారుతుంది. మురికి వదిలించే పనికి మిగిలేది కొంచెమే. కవర్ వెనక సన్న అక్షరాల్లో టీఎఫ్‌ఎం (సబ్బులో ఉండే మొత్తం కొవ్వు పదార్థం) అని ఉంటుంది చూడండి, అది 76 శాతానికి తగ్గకపోతే గ్రేడ్ 1 సబ్బు. ఖరీదు పెట్టి అదే కొన్నా ఈ నీళ్లతో పేచీ తీరదు.

మా ఇంటి ఓనరు వాళ్ల అవ్వ నా అవస్థ చూసి, "మా నీళ్లలో సోపు యాడ నురగొస్తాది పాపా? కుంకుడుకాయ పోసుకో" అంది. తనే గడప దగ్గర కూర్చుని రాయితో కాయలు చితగ్గొట్టి, గింజలు ఏరి పక్కన పెట్టి, పెంకులు మరిగే నీళ్లలో వేసింది. గోరువెచ్చబడ్డాక రెండు చేతులతో పిసికితే అవే బోరు నీళ్లు గిన్నె నిండా నురగ పొంగాయి! కళ్లు మండకుండా నోట్లో ఉప్పుకల్లు వేసుకోమంది. కుంకుడులో నురగ తెప్పించే సపోనిన్లు అనే పదార్థాలు కాల్షియంతో కలిసి సబ్బులా తెట్టు కట్టవు. అవ్వకి ఆ మాట తెలియకపోయినా, ఏ నీళ్లకి ఏది పనికొస్తుందో తెలుసు. తలకి మాత్రం ఆమె ఆముదమే రాస్తుంది. కొబ్బరినూనె దగ్గర మా ఇద్దరికీ ఇంకా కుదరలేదు.

అలాగని షాంపూ సాచెట్‌ని నేను తిట్టను. కడలూరుకి చెందిన సి.కె. రంగనాథన్ 1983లో మొదలుపెట్టిన చిక్ లాంటివి షాంపూని చిల్లర డబ్బులకే పల్లెల్లోకి తెచ్చాయి. షాంపూలో ఉండే డిటర్జెంట్లు ఈ నీళ్లలో సబ్బులా ఓడిపోవు. పొద్దంతా వేరుశనగ పీకి దుమ్ము కొట్టుకుపోయి వచ్చే ఆడవాళ్లకి కాయలు కొట్టి నానబెట్టే తీరిక ఎక్కడిది? ఖాళీ సాచెట్లు కాలువల్లో పేరుకుంటున్నాయి, అది వేరే బాధ.

నాకు కోపం తెప్పించేది టూత్‌పేస్ట్. మా క్లాసులో ఒకమ్మాయి నవ్వినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ముందుపళ్ల మీద గోధుమరంగు చారలు, మధ్యమధ్య సుద్దలాంటి తెల్ల మచ్చలు. తెల్లగా చేస్తుందని రాసున్న పేస్ట్ కొనిపించుకుని, చిగుళ్లలో రక్తం వచ్చేదాకా పూటపూటా తోముతోంది. ఆ మచ్చలు పైన అంటుకున్నవి కావు. పాలపళ్ల కింద, చిగురు లోపల అసలు పళ్లు తయారయ్యే వయసులో తాగిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పంటి పైన ఉండే గట్టి పొర ఎనామిల్‌లోనే పడతాయి. ముందుపళ్లకి సుమారు ఎనిమిదేళ్లలోపు జరిగిపోయే పని అది. ఏ ట్యూబూ దాన్ని తోమి తీయలేదు. కావాలంటే పళ్ల డాక్టరు దగ్గర కొంత సరిచేయించుకోవచ్చు. ఆ సంగతి ప్యాకెట్ మీద ఉండదు, అద్దంలాంటి పళ్ల బొమ్మ మాత్రం ఉంటుంది. ఆ బొమ్మ చూసి ఆ పిల్ల తనకే ఏదో లోపం ఉందనుకుంటోంది. ఆ పిల్ల చేసిన తప్పేముంది? లోపమంతా నీళ్లలో ఉంది.

మన దేశ తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము మించకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా ఇది. నీళ్ల కోసం లోతుకి వెళ్లేకొద్దీ రాళ్లలోని ఫ్లోరైడ్ కలిసే ప్రమాదమూ ఉంది. 1990ల్లో సత్యసాయి తాగునీటి పథకం వందల ఊళ్లకి నీళ్లిచ్చింది. బోరే దిక్కయిన ఇళ్లు మాత్రం ఇంకా ఉన్నాయి.

పేరెంట్స్ మీటింగులో మార్కుల కన్నా ముందు ఇదే చెప్తున్నాను. స్నానానికి, బట్టలకి బోరు నీళ్లు పర్వాలేదు. ఇంట్లో ఎనిమిదేళ్లలోపు పిల్లలుంటే తాగడానికే కాదు, అన్నానికి, పప్పుకి కూడా క్యాన్ నీళ్లే వాడండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. చిన్నపిల్లలకి పేస్ట్ బఠాణీ గింజంత చాలు, మింగకుండా చూడండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో నీళ్లు పరీక్ష చేస్తారు, సీసాలో పట్టి ఇవ్వండి. గుంతకల్లు చుట్టుపక్కల ఎవరైనా తమ ఊరి బోరు నీళ్లు పరీక్ష చేయించి ఉంటే ఫ్లోరైడ్ ఎంత వచ్చిందో నాకు రాయండి. ఊరివారీగా ఒక పట్టిక చేసి బడి గోడ మీద పెడదామనుకుంటున్నాను.