గండికోట గోడ, లంకమల అడవి, మా బామ్మర్ది లెక్కలు

తాడిపత్రిలో ఉగ్గాని బజ్జీ తింటా ఉంటే మా బామ్మర్ది బిల్లు కాగితం వెనకాల పెన్నుతో లెక్కలు మొదలుపెట్టినాడు. వాడు చిన్న కాంట్రాక్టరు, కాంపౌండు గోడలు, పొలాలకు కంచెలు, అట్లాంటివి కట్టిస్తాడు, ఏ గోడ కనపడినా ముందు రన్నింగ్ అడుగుకు ఎంతయిందో చెప్పనిదే వానికి తిన్నది అరగదు. ఆ పొద్దు వాని నోట్లో పడిన గోడ అమెరికాది. మా అన్న కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు, ముందురోజు రాత్రి మెక్సికో బార్డరు దగ్గర నిలబడి వీడియో పంపినాడు, ఎర్రగా తుప్పు పట్టినట్టుండే ఇనప స్తంభాలు, ఒక్కోటి 30 అడుగులు, మధ్యలో సందులు, ఎడారిలో ఎంతదూరం చూసినా అదే.

"బావా, దానికి ఎంతయిందో చెప్పు" అని నన్ను గూగుల్లో వెతికించినాడు. బార్డరు మొత్తం 3,145 కిలోమీటర్లు. ట్రంప్ మొదటిసారి ఉన్నప్పుడు 738 మైళ్ల గోడకని దగ్గర దగ్గర 1,500 కోట్ల డాలర్లు పెట్టినారు, 458 మైళ్లు అయ్యేసరికి ఆయన దిగిపోయినాడు, అందులోనూ ఎక్కువ భాగం పాత కంచె పీకేసి కొత్తది నిలబెట్టిందే. వీడు బజ్జీ నోట్లో పెట్టుకోనే గుణించి భాగించి, "అడుగుకు మూడు లక్షల పైన పడింది బావా, నేను ఐదడుగుల ఇటుక గోడ అడుగు రెండు వేలకు కట్టిస్తాంటే మనూరోళ్లు బేరమాడతారు" అని ఎంత బాధపడినాడో. 2025లో ఇంకో 4,650 కోట్ల డాలర్లు దానికే ఇచ్చినారని చదివి వినిపిస్తే టీ తాగకుండానే లేచి బండి తీసినాడు.

మాది రాయదుర్గం దిక్కు. అట్ల కాస్త పోతే కర్ణాటక. కాబట్టి బార్డరు అంటే మాకు టీవీలో చూసేది కాదు, 2020 మే నెలలో మన ఆంధ్రాలో రెండ్రోజుల్లో మందు రేట్లు 75 శాతం పెంచినాక మా రోడ్డు మీద ఏం జరిగిందో కళ్లారా చూసినోళ్లం. ఇక్కడ క్వార్టరుకు పెట్టే డబ్బుతో అక్కడ రెండు టెట్రా ప్యాకెట్లు వస్తాంటే ఎవడు ఊరకుంటాడు? పాల క్యాన్లల్లో వచ్చె, స్కూటీ డిక్కీల్లో వచ్చె, టమాటా బాక్సుల కింద వచ్చె, ఒక ముసలాయన నడుముకు గుడ్డ కట్టుకుని దాంట్లో చెక్కుకుని మా బస్సులోనే ఎక్కె. చెక్‌పోస్టులు పెట్టినారు, స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో అని కొత్త డిపార్టుమెంటే పెట్టినారు, నా టిఫిన్ డబ్బా కూడా తెరిచి వాసన చూసినారు ఒకసారి (గోంగూర పచ్చడి, ఆ కానిస్టేబులు సిగ్గుపడినాడు పాపం). 2024 అక్టోబరులో పాలసీ మారి ఇక్కడే 99 రూపాయల క్వార్టరు దొరికేసరికి ఆ పాల క్యాన్లల్లోకి మళ్లా పాలొచ్చినాయి. ఈ మాట బండిలో అంటే బామ్మర్దికి నచ్చలా, "అంటే గోడలు దండగ అంటావా, నేను రోడ్డున పడాల్నా" అన్నాడు. దండగ అనలేదురా, చూద్దాం పద అన్నాను.

జమ్మలమడుగు నుంచి గండికోట పదిహేను కిలోమీటర్లు. శ్రావణం వానలకు రోడ్డు పక్కన పచ్చగుండాది, పెన్న లోయలో నీళ్లు నిండుగా ఉండాయి, రిజర్వాయరు కట్టినాక ఎప్పుడొచ్చినా ఇంతే. ఫోటోల కోసం వచ్చినోళ్లంతా సీదా లోయ అంచుకు పోతారు, మావాడు మాత్రం కోట గుమ్మం దగ్గరే ఆగిపోయినాడు. ఎర్రటి రాళ్లు, ఒకదాని మీద ఒకటి, సున్నం కనపడనంత దగ్గరగా కూర్చోబెట్టినారు. సందులో గోరు పెట్టి చూసినాడు, పోలేదు. తర్వాత ఏటీఎం కార్డు తీసి దూర్చినాడు, సగం కూడా పోలేదు. "ఇట్లాంటి మేస్త్రీ ఒక్కడు దొరికితే చాలు బావా" అని ఆ గోడను చేత్తో నిమురుతా చానాసేపు నిలబడినాడు.

ఇంత గోడ ఉండి కూడా కోట పోయింది కదా. ఒక దిక్కు లోయ, మిగతా దిక్కులు ఈ గోడ, గోల్కొండ సుల్తాను సేనాని మీర్ జుమ్లా ఎంత కొట్టినా పడలేదు, చివరికి లోపలి మనిషే, పొదిలి లింగన్న అని, కోటనేలే పెమ్మసాని చినతిమ్మానాయునికి విషం పెట్టినాడని మా దిక్కు చెప్పుకునే కథ. కథలో ఎంత నిజమో గానీ గోడ పగలగొట్టి వచ్చినారని మాత్రం ఎవరూ చెప్పరు, గుమ్మంలో నుంచి వచ్చినారనే చెప్తారు. 1652లో టావెర్నియే అని ఫ్రెంచి నగల వ్యాపారి ఇక్కడికే వచ్చి మీర్ జుమ్లాను కలిసినాడు. ఆ వ్యాపారి గుర్తొస్తానే నాకు మా వజ్రకరూరు గుర్తొచ్చె, తొలకరి పడితే జనం చేలల్లో వంగి వజ్రాలు ఏరుకుంటారే, అది. వజ్రాన్ని నాలుక కింద పెట్టుకుని పోయేవాన్ని ఈ గోడ ఏం ఆపుతాది? ఫెంటనిల్ అని అమెరికాను చంపుతాండే మత్తుమందు కూడా అట్లాంటిదే, చిటికెడు చాలు, అందుకే వాళ్లు పట్టుకునే సరుకులో ఎక్కువ భాగం గోడ దగ్గర కాదు, గేటు దగ్గరే, కార్లల్లో, లారీల్లో, పాస్‌పోర్టు చూపించి దర్జాగా పోయే దారిలో. మిగతా వాటి సంగతంటే, బ్యాటరీ రంపంతో ఆ ఇనప స్తంభాలను మూడేళ్లలో 3,272 సార్లు కోసినారని లెక్క బయటికొచ్చింది, కోసినప్పుడల్లా మళ్లా వెల్డింగు. 2020లో బార్డరు కింద బయటపడిన ఒక సొరంగం 1.3 కిలోమీటర్ల పొడవు, లోపల పట్టాలు, లిఫ్టు, గాలి పైపులు. "లిఫ్టు కూడానా" అని మావాడు నోరెళ్లబెట్టినాడు, మా టౌనులో మూడంతస్తుల షాపుకే లిఫ్టు లేదు.

ఆ రాత్రి కడపలో దిగినాం, కారం దోశ, పడుకోవడం, అంతే.

పొద్దున సిద్ధవటం. కోట పెన్న ఒడ్డునే, మట్లి రాజులది, లోపల ఇప్పుడు మేకలు, చింతచెట్లు, ఫోటో షూట్‌కొచ్చిన ఒక పెళ్లిజంట. దాన్ని తొందరగా చూసేసి లంకమల అడవిలో నిత్యపూజకోనకు పోదామని బయల్దేరినాం, శివుని గుడి, కొంచెం దూరం రాళ్లల్లో నడవాల. అడవి మొదట్లోనే ఫారెస్టోళ్లు ఆపినారు, బండి డిక్కీ తెరిపించినారు, గొడ్డలి గిడ్డలి ఏమన్నా ఉండాయా అని అడిగినారు. ఎందుకంటే ఇది ఎర్రచందనం నేల. ప్రపంచంలో ఆ చెట్టు దానంతటది అడవిగా పెరిగేది ఈ దిక్కునే, ముఖ్యంగా కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు కొండలు.

దారిలో వాచరు ఒకాయన తోడొచ్చినాడు, యాభై దాటింటాయి, చెప్పులు తప్ప బూట్లు లేవు. ఒక మొద్దు దగ్గర ఆగి చూపించినాడు. నేల నుంచి జానెడు ఎత్తు, పైన గొడ్డలి గాట్లు, చుట్టూ తెల్లగా ఉండే అంచు, నడిమధ్యన చేవ మాత్రం ఎండిన నెత్తురు రంగు. వేలు తడి చేసుకుని దాని మీద రుద్దినాడు, వేలు ఎర్రగా అయింది. "ఇది నీళ్లల్లో ఏస్తే మునుగుతాది సార్, తేలదు" అన్నాడు. తెల్ల అంచును అక్కడే చెక్కి పారేస్తారంట, చేవే కావాల, మోసే బరువూ తగ్గుతాది. ఒక దుంగ భుజానికెత్తుకుని రాత్రిపూట ఈ రాళ్లల్లో కొండలు దిగాల. ఆ పని చేసేది ఎక్కువమంది తమిళనాడు జవ్వాదు కొండల నుంచి వచ్చిన కూలీలు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో చచ్చిపోయిన 20 మందీ అట్లాంటి తమిళనాడు కూలీలే. సరుకు ఎక్కడో చైనాలో కుర్చీ అయితాది, జపాన్‌లో వాయిద్యమయితాది. 2016లో చట్టం మార్చి బెయిలు తేలిగ్గా దొరక్కుండా చేసినారు, టాస్క్‌ఫోర్సు ఉండాది, అయినా మొద్దులు కనపడతానే ఉండాయి.

బామ్మర్ది ఊరుకుంటాడా, "అన్నా, అడవి చుట్టూ గోడ కట్టేస్తే పోలా?" అని అడిగేసినాడు. వాచరు నవ్వలేదు, కోప్పడలేదు. "కట్టొచ్చు నాయనా. ఇప్పుడు నేను అడవికి కాపలా, అప్పుడు గోడకు కాపలా. మనిషిని అయితే నేనొక్కన్నే కదా" అన్నాడు. వీడు వినకుండా ఫోన్లో లెక్క: లంకమల అభయారణ్యం 460 చదరపు కిలోమీటర్ల పైన, గుండ్రంగా ఉందనుకున్నా చుట్టూ 76 కిలోమీటర్లు, అడవి గుండ్రంగా ఎందుకుంటాది, వంకరటింకర కలిపితే రెండింతలు, మా ఊరి రేటుకే యాభై నుంచి వంద కోట్లు, అదీ ఐదడుగులది, పిల్లోడు కూడా దూకేది. చెప్తా చెప్తా వానికే నవ్వొచ్చింది. నాకేమనిపించిందంటే, దుంగ వజ్రం కాదు, నోట్లో పట్టదు, ఎంత దొంగతనంగా కొట్టినా చివరికి ఏదో ఒక బండెక్కి తారు రోడ్డు మీదికి రావాల్సిందే, కాబట్టి ఆ డబ్బు గోడకు బదులు ఈయన్లాంటోళ్లు ఇంకో పదిమందికి, వాళ్ల కాళ్లకు బూట్లకు పెట్టి, నాలుగు రోడ్లు కాచుకుంటే మేలు. గోడ అసలుకే పనికిరాదని కాదు, దాటేవాన్ని కాసేపు నిలబెడతాది, ఆ కాసేపట్లో వచ్చి పట్టుకునే మనిషి ఉంటేనే దానికి విలువ.

అదీగాక ఈ అడవి కలివికోడికి పేరు. 1900లో కనపడింది కనపడడం, మళ్లా 1986లో ఈ లంకమల దగ్గరే దొరికింది, పొదల మధ్య ఖాళీ నేలలో రాత్రిపూట తిరిగే పక్షి. దాని చోటులోనే తెలుగుగంగ కాలువ తవ్వుతాంటే గొడవయి కాలువనే పక్కకు తిప్పినారు. కలివి పొదల్లో ఉంటాది కాబట్టి ఆ పేరు. వాచరు ఆ పొదను కూడా చూపించినాడు, జంట ముళ్లు, ఆకు తెంపితే పాలు.

ఆ ముళ్లు చూస్తానే నాకు ఎప్పుడో చదివింది యాదికొచ్చి, గుడి మెట్ల మీద కూర్చున్నాక మావానికి చెప్పినాను. తెల్లోళ్లు ఉప్పు మీద పన్ను ఏసి, పన్ను తక్కువుండే దిక్కు నుంచి ఉప్పు దొంగతనంగా రాకుండా సింధు నది కాడి నుంచి మహానది దాకా 2,300 మైళ్ల గీత గీసి, దాంట్లో చానా భాగం ముళ్లకంచె పెంచినారు. తుమ్మ, రేగు, నాగజెముడు, మన వాక్కాయ, అంటే ఈ కలివి జాతే. బాగా పెరిగిన చోట 10 నుంచి 14 అడుగుల ఎత్తు. కాపలాకు 12,000 మంది. ఆ కంచెను అంత గట్టిగా పెంచిన కమీషనరు హ్యూమ్, తర్వాత కాంగ్రెస్ పెట్టినాయన, పక్షుల పిచ్చోడు కూడా. అంతా చేసి 1879లో ఎత్తేసినారు. ఎందుకంటే ఉప్పు పుట్టే సాంభర్ సరస్సును తీసుకుని, అక్కడా ఇక్కడా పన్ను దగ్గర దగ్గరగా చేసేసినారు, ఇంక దొంగతనంగా మోసేవానికి ఏం మిగులుతాది. "మన క్వార్టరు లెక్కే" అన్నాడు మావాడు ఠక్కున. అవును, అదే. కానీ ఎర్రచందనానికి ఆ మందు కుదరదు, చైనా రేటు మనం తగ్గించలేం, పొలాల్లో పెంచితే అమ్ముకోవచ్చు గానీ చేవ పట్టాలంటే పాతికేళ్ల పైన ఓపిక పట్టాల, అంతవరకు ఈ బూట్లు లేని ఆయనే.

తిరిగొచ్చేటప్పుడు రోడ్డు పక్కన ఒకామె వాక్కాయలు అమ్ముతాంటే పప్పులోకని రెండు కిలోలు తీసుకున్నాం. మా బామ్మర్ది పొలంలో అడవి పందుల బాధ, ఏటా వైరు కంచె ఏస్తాడు, ఏటా అవి కింద మట్టి తవ్వుకుని వేరుశనగలో పడతాయి. వాడు ఒక కాయ కొరికి ముఖం చిట్లించి, గింజ అరచేతిలో పెట్టుకుని చూసి, ఆమెను అడిగినాడు:

"అక్కా, ఇవి నాటితే ఎన్నేండ్లకు కంచెలాగ వస్తాయి?"

"మూడు నాలుగేండ్లు పడ్తాది నాయనా, మొదట్లో మేకలు పడకుండా నువ్వే కాచుకోవాల" అనింది ఆమె.

వాడు నా దిక్కు చూసినాడు. నేను కారెక్కి కూర్చున్నా.