నాయనతో సిల్వర్‌వుడ్‌కి: క్యాంపింగ్ సన్నాహాల చిట్టా

నవంబర్ మొదటి వారం

సిల్వర్‌వుడ్ లేక్ పార్కులో టెంట్ వేసుకోవడానికి సైటు దొరికింది. మే మొదటి వారం, ఆది సోమవారాలు, రెండు రాత్రులు. కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో బుకింగ్ సరిగ్గా ఆరు నెలల ముందు, ఉదయం 8 గంటలకు మొదలవుతుంది. మొదట శుక్ర, శని రాత్రుల కోసం కూర్చున్నాను. డబ్బు కట్టే పేజీ వచ్చేలోపే నేను ఎంచుకున్న సైట్లు పోయాయి. రెండు రోజులాగి ఆదివారానికి చూస్తే తీరిగ్గా ఏరుకోగలిగాను. సెలవు పెట్టుకునే వీలుంటే వారాంతం జోలికి పోవద్దనే చెబుతాను.

మార్చిలో నాయన ఆత్మకూరు నుంచి వస్తాడు. ఆయనకు 69 ఏళ్ళు, షుగరు ఉంది. అందుకే 6,700 అడుగుల పైన ఉన్న బిగ్ బేర్ వద్దనుకుని, అదే శాన్ బెర్నార్డినో కొండల్లో 3,350 అడుగుల ఎత్తున ఉన్న సిల్వర్‌వుడ్ లేక్ ఎంచుకున్నాను. మేముండే ఇర్వైన్ నుంచి ట్రాఫిక్ లేకపోతే రెండు గంటల లోపే. ఫ్లష్ మరుగుదొడ్లు, స్నానాల గదులు ఉన్నాయి. సైటు సైటుకూ ఒక బల్ల, నెగడు వేసుకునే ఇనుప చుట్టు ఉంటాయి.

జనవరి

మాది అపార్ట్‌మెంట్. రివర్‌సైడ్‌లో స్నేహితుడి పెరట్లో ఒక రాత్రి పడుకుని చూశాను. ఈ ఒక్క రాత్రి నేర్పినంత నెల రోజుల వీడియోలు నేర్పలేదు.

ముందు చలి సంగతి. స్లీపింగ్ బ్యాగ్ (లోపల దూరి పడుకునే సంచి) మీద 40 ఫారన్‌హీట్ డిగ్రీల చలి వరకు ఆగుతుందని ఉంది. ఆ రాత్రి 43. లెక్కప్రకారం హాయిగా నిద్ర పట్టాలి. తెల్లవారుజామున 3 గంటలకు వణుకుతూ లేచాను. పైన బాగానే ఉంది, చలంతా నేలలోంచి వీపుకి ఎక్కుతోంది. గాలి పరుపులో ఉన్న గాలి కూడా నేలతోపాటే చల్లబడుతుంది. సంచి అడుగున ఉన్న దూదేమో మన బరువుకి నలిగిపోయి పనికిరాదు. కారులో ఉన్న ఫోమ్ చాపను పరుపు మీద వేసుకున్నాక గానీ నిద్ర పట్టలేదు. సంచి మీద రాసిన అంకెకు కనీసం పది డిగ్రీలు కలుపుకుని, అంతకన్నా చలి ఉంటే అది చాలదనుకుని కొనాలని అప్పుడర్థమైంది.

నాయన నేల మీద నుంచి లేవడానికి మోకాళ్ళు సహకరించవు. ఆయనకు మడత మంచం కొన్నాను. అయితే మంచం కింద గాలి ఆడుతుంది కాబట్టి చలి ఇంకా ఎక్కువ. మంచం మీద ఫోమ్ చాప, దాని మీద అమ్మ పాతచీరలతో కుట్టిన బొంత, ఆపైన స్లీపింగ్ బ్యాగ్. నేనే పడుకుని చూశాను, బొంత తీసేస్తే పది నిమిషాల్లో తేడా తెలిసింది.

ఉదయం ఇంకో పాఠం. బ్యూటేన్ డబ్బా స్టవ్ మంట టీకి కూడా చాలలేదు. బ్యూటేన్ సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది. ఆ ఉదయం అంత చలి లేదు కానీ, వెలుగుతున్నకొద్దీ డబ్బా తనంతట తానే చల్లబడుతుంది. ప్రొపేన్‌కి ఆ బాధ లేదు. రెండు బర్నర్ల ప్రొపేన్ స్టవ్ ఆఫీసు మిత్రుడి దగ్గర అడిగి పెట్టుకున్నాను.

మార్చి చివర

నాయనను తీసుకుని ఒక పగలు వెళ్ళి చూసొచ్చాం. ఐ-15 హైవే మీద కాహోన్ కనుమ ఎక్కి, 138 రోడ్డు మీద తూర్పుకి తిరగాలి. పెట్రోలు ఆ మలుపు దగ్గరే పోయించుకోవడం మేలు.

గాలి! ఆ కనుమ చుట్టుపక్కల గాలి ఎక్కువని విన్నాను కానీ కారు తలుపు లాక్కుపోయేంత ఉంటుందనుకోలేదు. నాయన నిలబడి బట్టలు మార్చుకోవాలని ఆరడుగుల ఎత్తు టెంట్ కొన్నాను. ఎత్తైన టెంట్‌కి గాలి దెబ్బ ఎక్కువ. నేల గట్టిది, టెంట్‌తో వచ్చిన సన్నటి మేకులు దిగవు. అడుగు పొడవు ఉక్కు మేకులు ఎనిమిది, బరువైన సుత్తి, అదనపు తాళ్ళు కొన్నాను. మేకును టెంట్‌కి ఎదురు దిక్కుకి వాల్చి కొట్టాలి, అప్పుడే తాడు లాగినా ఊడిరాదు. టెంట్ ఇరుకు వైపును గాలికి ఎదురుగా పెట్టాలి.

మా సైటు నుంచి మరుగుదొడ్డికి నాయన అడుగులతో 70. రాత్రి రెండుసార్లు లేస్తాడు కాబట్టి చెరువు కనిపించే సైటు కన్నా ఇదే నయం. దారి పొడవునా చూపించి, తలకు కట్టుకునే టార్చి ఎర్ర వెలుగు ఎలా వేయాలో నేర్పాను.

ఆ తర్వాత నీళ్ళ ఒడ్డున కూర్చున్నాం. ఈ నీళ్ళు ఏ నదివని అడిగాడు. ఎక్కడో ఉత్తరాన ఫెదర్ నదివని, ఓరోవిల్ డ్యామ్ నుంచి కాలువ మీద వచ్చి, టెహాచపి కొండల దగ్గర ఒక్క ఎత్తున 1,926 అడుగులు పైకెక్కి ఇక్కడ చేరతాయని చెప్పాను. "మన హంద్రీనీవా మాదిరి," అన్నాడు. మల్యాల దగ్గర శ్రీశైలం నీళ్ళను ఎత్తిపోయడం ఆయన చూసి ఉన్నాడు.

కాసేపాగి, "ఈ నీళ్ళ కింద ఏ ఊరుండేదిరా?" అని అడిగాడు.

సీడర్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరు ఉండేది. 1971లో పూర్తయిన డ్యామ్‌కి ఆ పేరే పెట్టారు. ఆ మాట చెప్పగానే, "వాళ్ళు యాడికి పోయినారో," అని తన సంగతి మొదలుపెట్టాడు. శ్రీశైలం నీళ్ళు వచ్చినప్పుడు ఆయనకు పాతికేళ్ళు. ఇంటి దూలాలు ఊడదీసి ఎడ్లబండి మీద వేసుకొచ్చిన సంగతి, ఎండాకాలం నీళ్ళు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడ్డప్పుడల్లా తమ ఇంటి పునాది కూడా కనిపిస్తుందేమోనని వెళ్ళి చూసే సంగతి. నేను పుట్టింది ఆ తర్వాత. ఇంత వివరంగా ఎప్పుడూ వినలేదు. మేలో ఆ సాయంత్రాలకు వేరే కార్యక్రమం ఏదీ పెట్టకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాను. పడవ అద్దెకు తీసుకునే ఆలోచన మానేశాను.

ఏప్రిల్

వంట. ఆ ఎత్తులో నీళ్ళు మూడు డిగ్రీల సెల్సియస్ ముందే మరుగుతాయి, మామూలు గిన్నెలో పప్పు ఉడకడానికి సమయం పడుతుంది. మూడు లీటర్ల కుక్కర్ వస్తోంది. పులిహోర పులుసు ఇంట్లోనే చేసి సీసాలో పోస్తాను, అక్కడ అన్నం వండి కలపడమే. ఉప్మా రవ్వ తాలింపుతో సహా వేయించి పెట్టుకుంటే పొద్దున్నే మరిగే నీళ్ళు చాలు. నాయనకు రెండో రోజుకి కొర్రన్నం, గోంగూర.

ఇన్సులిన్ ఐసుకి తగలకూడదు, గడ్డకడితే పనికిరాదు. మూత ఉన్న డబ్బాలో, తువ్వాలు చుట్టి, ఐస్‌పెట్టె పై అరలో. రాత్రికి తిండి మొత్తం, పళ్ళపొడితో సహా, కారులో పెట్టి తాళం. ఆ కొండల్లో ఎలుగుబంట్లున్నాయి. నెగడుకు కట్టెలు ఇంటి నుంచి తీసుకెళ్ళం. ఓక్ చెట్లను చంపే పురుగు అలా ఊరూరికీ పాకుతోంది. అక్కడే కొంటాం, అదీ నెగడుకు అనుమతి ఉంటేనే.

మిగిలింది గాలి. బయలుదేరే ముందు రోజు సాయంత్రం ఫోర్‌కాస్ట్ చూస్తాను. గంటకు 35 మైళ్ళు దాటుతుందంటే టెంట్ ఇంట్లోనే ఉంచి, రెండు రోజులూ పగటిపూట మాత్రం వెళ్ళొస్తాం. నాయనకు చెప్పాను. సరేనన్నాడు, కుర్చీలు మాత్రం మర్చిపోవద్దన్నాడు.