కోరాపుట్ కొండమీద డుకాటి 250: మూలపడ్డ రేసు బండిని మళ్లీ ట్రాక్ ఎక్కించడం

ముందే ఒక మాట. కిక్ కొట్టకండి.

ఏళ్ల తరబడి గోడకి ఆనించి ఉన్న రేసు బండి ఎదురైతే చెయ్యి పెట్రోలు డబ్బా మీదికి, కాలు కిక్కు మీదికి వాటంతటవే పోతాయి. రెండు కిక్కులకి స్టార్టయిందని సంబరపడతారు. పది నిమిషాలు పోయాక కింద నుంచి టకటకమని చప్పుడు మొదలవుతుంది. అది బిగ్ ఎండ్ (కాన్‌రాడ్ క్రాంకుని పట్టుకునే చోటి బేరింగు) పోయిన చప్పుడు. క్రాంకు విప్పి, కొత్త రాడ్ కిట్టు తెప్పించి, మళ్లీ ప్రెస్ చేయించేసరికి బండి కొన్నంత ఖర్చు అవుతుంది. ఇంత జరిగేది ఒక చిన్న మూత విప్పి చూడకపోవడం వల్లే. ఆ మూత సంగతి కింద రాస్తున్నాం.

ఒడిశాలోని కోరాపుట్ కొండల్లో కూర్చుని ఇక్కడ చెప్పేది 1960ల నాటి ఇటలీ బండి డుకాటి 250 సింగిల్ (ఒకే సిలిండరుది) గురించి. ఫాబియో తాల్యోని డిజైన్ చేసిన ఇంజను. వాల్వుల్ని తెరిచే క్యామ్‌ని తిప్పడానికి చైను ఉండదు. సిలిండర్ కుడిపక్కన నిలువు షాఫ్టు, దానికి పైన ఒక జత, కింద ఒక జత బెవెల్ గేర్లు (ఏటవాలు పళ్లవి). బోరు 74, స్ట్రోకు 57.8 మిల్లీమీటర్లు, మొత్తం 248.6 సీసీ. 1964లో వచ్చిన మాక్ 1 వీటిలో పేరున్నది: 5 గేర్లు, 29 మిల్లీమీటర్ల డెల్‌ఆర్టో కార్బురేటర్, 10:1 కంప్రెషను. కొనేముందు క్రాంక్‌కేసు (క్రాంకు ఉండే ఇంజను కింది పెట్టె) చూసుకోండి. 1968 నుంచి వచ్చినవి వెడల్పు కేసువి, అంతకుముందువి సన్న కేసువి. చాలా భాగాలు ఒకదానివి ఇంకోదానికి పట్టవు. కేసు తెలియకుండా బయటి నుంచి సామాను తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం కట్టి మరీ అల్మరాలో దాచుకోవాలి.

మొదట పాత ఆయిల్ వాసన చూడండి. ఆ రోజుల్లో రేసు బండ్లలో ఎక్కువగా ఆముదం ఆయిల్ పోసేవారు. క్యాస్ట్రాల్ అన్న పేరు కూడా ఆముదం ఇంగ్లీషు పేరు నుంచి పుట్టిందే. వేడిలో లోహాన్ని అంటిపెట్టుకునే గుణం దానిది. కానీ బండిని మూలపడేస్తే గాలి తగిలి ముదురు పాకంలా గట్టిపడి ఆయిల్ దారులన్నీ మూసేస్తుంది. దాని మీద మామూలు ఇంజన్ ఆయిల్ పోస్తే రెండూ కలవవు, విరిగిన పాలలా ముద్దలు కడతాయి. ఆ ముద్దలే జల్లెడకి అడ్డం పడతాయి. ఆముదపు జిగురు కిరసనాయిల్‌కి సరిగా కరగదు, స్పిరిటులో నానబెట్టాలి. మన గ్యారేజీల్లో అన్నిటికీ ఒకే మందు కాస్టిక్ సోడా. బుల్లెట్ ఇనప భాగాలకి పనికొస్తుంది గాని, ఇక్కడ వద్దు. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుంది. పక్కనే దామంజోడి ఫ్యాక్టరీలో బాక్సైట్‌ని (అల్యూమినియం ముడిఖనిజాన్ని) కరిగించేది ఆ కాస్టిక్‌తోనే మరి. కేసుని దాన్లో రాత్రంతా వదిలేస్తే పొద్దునకి బేరింగు కూర్చునే చోటు వదులై ఉంటుంది.

ఇక ఆ మూత. ఈ ఇంజనులో కాగితం ఫిల్టరు లేదు. ఉన్నది సన్న జాలీ జల్లెడ ఒకటే. దాన్ని దాటి పోయిన మురికిని పట్టడానికి క్రాంకు ఫ్లైవీల్ లోపలే ఒక గది తొలిచారు. క్రాంకు తిరిగే వేగానికి బరువైన మురికి అంచుకి చేరి అక్కడ పేరుకుంటుంది, శుభ్రమైన ఆయిల్ బిగ్ ఎండ్‌కి పోతుంది. ఆలోచన బాగుంది, కానీ ఆ గదిని ఎప్పుడో ఒకప్పుడు ఖాళీ చెయ్యాలి. ఇంజను పూర్తిగా విప్పితేగాని అది అందదు కాబట్టి ఎవరూ చెయ్యరు.

ఆ గదికి మరతో బిగించిన మూతే మనం చెప్పుకున్నది. అది వదులవకుండా దాని చుట్టూ పంచ్ కొట్టి ఉంటుంది. ముందు ఆ దెబ్బల్ని చిన్న డ్రిల్ బిట్‌తో తీసెయ్యాలి. గాడికి సరిగ్గా సరిపోయే వెడల్పు స్క్రూడ్రైవరు లేకపోతే పాత ఫైలుని గ్రైండరు మీద ఆ కొలతకి అరగదీసుకోండి. కొంచెం వేడి చేసి, సుత్తితో ఒక్కటిచ్చి తిప్పండి. మూత వచ్చాక లోపల ఎండిన కాటుకలాంటి నల్ల ముద్ద కనిపిస్తుంది. వేలితో రాస్తే మెత్తగానే ఉంటుంది, దానిలోనే అల్యూమినియం పొడి మెరుస్తుంటుంది. సైకిలు పుల్లని వంచి గోకి, స్పిరిటు పోసి, గాలి కొట్టాలి. పుల్ల శుభ్రంగా తిరిగొచ్చాక కూడా ఆగకండి. ఇంజక్షన్ సిరంజీతో పల్చటి ఆయిల్‌ని దారిలోకి నొక్కితే బిగ్ ఎండ్ దగ్గర ధారగా రావాలి. చుక్కచుక్కగా వస్తే ఇంకా ఉందన్నమాట. కొత్త మూత బిగించేటప్పుడు లాక్‌టైట్ (మర వదులవకుండా పట్టే జిగురు) వేసి మళ్లీ పంచ్ కొట్టాలి. ఆ మూత ఊడితే ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు.

కేసు విప్పడానికి వేడి తప్పదు. బేరింగుల్ని సుత్తితో కొట్టి తీస్తే అల్యూమినియం గూడు గీసుకుపోతుంది. కేసు మొత్తాన్ని 100–110 డిగ్రీలకి వేడి చేస్తే బేరింగు దానంతటదే జారిపడుతుంది. దోసె వేసేముందు పెనం మీద నీళ్లు చిలకరించి చూస్తాం కదా, ఇదీ అంతే. చుక్క చుయ్యిమని ఆవిరైపోతే సరిపడా వేడి వచ్చినట్టే. గ్యాస్ మంటని ఒకేచోట పెట్టకండి, కేసు వంగుతుంది. పౌడర్ కోటింగ్ వేసేవాళ్ల ఓవెన్ అయితే మేలు. ఇంటి ఓవెన్‌లో పెడితే కేసు పని అవుతుంది గాని, ఆ తర్వాత కేకుకి ఆయిల్ వాసన, ఇంట్లో మాటపట్టింపు.

కాన్‌రాడ్‌ని పట్టుకుని నిలువుగా పైకీ కిందికీ లాగి చూడండి. పక్కలకి కదలడం మామూలే, నిలువునా మాత్రం ఇసుమంత కూడా ఆడకూడదు. క్రాంకుని రెండు సెంటర్ల మధ్య పెట్టి డయల్ గేజితో చూస్తే 0.02–0.03 మిల్లీమీటర్లకి మించి ఊగకూడదు. ఈ పని మామూలు లేతు షాపుకి ఇవ్వొద్దు. సునాబెడలో విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ ఉంది కాబట్టి ఆ చుట్టుపక్కల వందో వంతు మిల్లీమీటరు అంటే ఏమిటో తెలిసిన పెద్ద టర్నర్లు దొరుకుతారు. పాత బండి అని చెప్పి తొందరపెట్టకుండా డ్రాయింగు గీసి ఇస్తే మురిసిపోయి చేస్తారు.

హెడ్డులో మూడు చూడాలి. రాకర్ల (క్యామ్ కదలికతో వాల్వుల్ని నొక్కే చేతుల) మీద గట్టి క్రోమ్ పూత ఉంటుంది. పెచ్చు లేచిన రాకరు క్యామ్‌ని ఆకురాయిలా గీస్తుంది, ఆ పెచ్చులే ఆయిల్‌లోకి పోతాయి. గోరుతో గీసి చూడండి, అంచు తగిలితే మార్చెయ్యాలి. రెండోది స్ప్రింగులు. ఇవి చుట్టల స్ప్రింగులు కావు, హెయిర్‌పిన్‌లా వంచిన తీగెలు. కోరాపుట్ వానల్లో తుప్పుపట్టి చిన్న గుంట పడినా చాలు, విరిగేది అక్కడే. తుప్పు గీకి మళ్లీ వాడటం పొదుపు కాదు. మూడోది బెవెల్ గేర్ల సందు. పైజత, కిందజత రెండిటినీ విడివిడిగా షిమ్ములతో (పల్చటి రేకు వాషర్లతో) సరిచెయ్యాలి. వేళ్లతో అటూ ఇటూ తిప్పితే అందీ అందనంత ఆట ఉండాలి. బొత్తిగా లేకపోతే ఈల వేస్తూ పళ్లు చిట్లుతాయి, ఎక్కువైతే గలగలమంటుంది. ఒక్కచోటే చూసి సరిపెట్టుకోవద్దు. షాఫ్టుని తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి, అన్నిటికంటే బిగుతైన చోటే లెక్క.

పిస్టన్ 74 మిల్లీమీటర్లది. రింగు సందు 0.30 దగ్గర ఉండాలి. ఫోర్జుడు పిస్టన్ వేస్తే వేడికి ఎక్కువ ఉబ్బుతుంది కాబట్టి బోరులో సందు ఎక్కువ కావాలి, 0.08 నుంచి 0.10 దాకా. పిస్టన్ తయారుచేసినవాళ్లు వేరే అంకె ఇస్తే అదే పాటించండి. కంప్రెషన్ మాత్రం నోటిలెక్క నమ్మొద్దు. 10:1 కావాలంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 248.6ని 9తో భాగిస్తే వచ్చేది, అంటే 27.6 సీసీ. పిస్టన్‌ని టాపులో నిలిపి, ప్లగ్ బొక్కలోంచి సిరంజీతో పల్చటి ఆయిల్ పోసి కొలవండి. ప్లగ్ మరలో పట్టే ఆయిల్‌ని తీసెయ్యడం మరిచిపోకండి. పాత రేసు హెడ్డుల్ని ఎన్నిసార్లు చెక్కారో వాటికే తెలుసు. 24 సీసీయే వస్తే కంప్రెషను 11.4కి పోయినట్టు. పిస్టన్ మీద ఆడుకునే మట్టి పరిచి ఒకసారి చేత్తో తిప్పి, వాల్వు గుర్తుల దగ్గర మట్టి మందం కూడా కొలవండి. ఇన్‌లెట్ దగ్గర 1.5, ఎగ్జాస్ట్ దగ్గర 2 మిల్లీమీటర్లకి తగ్గకూడదు.

ఇప్పుడు పెట్రోలు. ఇక్కడే మన కొండవాళ్లు ఎక్కువ దెబ్బతింటారు, అందుకే కొంచెం వివరంగా.

బంకులో దొరికేది ఈ20, అంటే నూటికి 20 వంతులు ఇథనాల్. ఈ బండి పుట్టినప్పుడు ఆ ఊసే లేదు. ఫైబర్ ట్యాంకు ఉంటే దాని లోపలి రెసిన్‌ని మెత్తబరుస్తుంది. ఆ మెత్తబడ్డ రెసిన్ కార్బురేటర్‌లోకి చేరి, థ్రాటిల్‌తో పైకీ కిందికీ కదిలే స్లైడుని అంటించేస్తుంది. థ్రాటిల్ మూస్తే మూసుకోదు, అదీ మలుపులో. ఫైబర్ ట్యాంకుని పక్కనపెట్టి అల్యూమినియం ట్యాంకు చేయించుకోవడమే మా సలహా. పైపులు, సీళ్లు ఇథనాల్‌కి తట్టుకునేవి వెయ్యండి. పని అయ్యాక ట్యాంకులో వదలకండి. వానాకాలంలో ఇథనాల్ గాలిలోని తేమని లాగి అడుగున నీళ్లు దించేస్తుంది.

జెట్టు (కార్బురేటర్‌లో పెట్రోలు వెళ్లే సన్న రంధ్రపు మర) లెక్క ఇలా. బరువులో చూస్తే ఒక వంతు ఉత్త పెట్రోలుకి 14.7 వంతుల గాలి కావాలి. ఈ20కి 13.5 చాలు. అంటే అదే గాలికి ఇంధనం 8–9 శాతం ఎక్కువ పోవాలి. డెల్‌ఆర్టో జెట్టు మీద అంకె రంధ్రం వ్యాసం, మిల్లీమీటరులో వందో వంతుల్లో. వెళ్లే ఇంధనం రంధ్రం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 115 జెట్టుకి బదులు 120 వేస్తే దాదాపు ఆ 9 శాతం వచ్చేస్తుంది.

దీని మీద ఎత్తు. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ గాలి పల్చన. శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాకు సముద్రమట్టానికి కాస్త పైన, అంతే. ఇక్కడ 25 డిగ్రీల చల్లటి పొద్దున, అక్కడ 35 డిగ్రీల ఎండ అనుకుంటే, అక్కడి గాలి 7 శాతం చిక్కన. కార్బురేటర్ దానిలో సగం తనే సర్దుకుంటుంది, మిగతా సగం మనం సర్దాలి. అంటే ఇంకో రెండు అంకెలు, 122. ఇక్కడ ప్లగ్ చక్కటి కాఫీరంగులో ఉందని ధైర్యపడి సాలూరు ఘాటు దిగిపోయారంటే, అక్కడి పొడవాటి నేరుదారిలో మిశ్రమం పల్చనై పిస్టన్ కరుగుతుంది. ఎప్పుడూ రెండు సైజులు పెద్ద జెట్టుతో మొదలుపెట్టి కిందికి రండి. నల్లగా పొగొస్తే నష్టం లేదు. కోయంబత్తూరు కరి ట్రాకు 400 మీటర్ల ఎత్తు, అక్కడికి మధ్యస్తంగా.

ఈ కార్బురేటర్‌కి పెట్రోలు నిలిచే తొట్టి విడిగా ఉంటుంది. దాన్ని ఫ్రేముకి నేరుగా బిగిస్తే అదురుకి పెట్రోలు సోడాలా నురగ కట్టి, వేగంలో ఇంజను దగ్గుతుంది. చాలామంది అది ఇగ్నిషన్ లోపం అనుకుని కాయిళ్లు మారుస్తూ కూర్చుంటారు. రబ్బరు మీద వేలాడదీయండి.

బ్రేకుల్లో పాత లైనింగు ఆస్‌బెస్టాస్ అయి ఉండొచ్చు. గాలి కొట్టి ఊదొద్దు, తడిబట్టతో తుడిచి బట్టతో సహా పారెయ్యండి. కొత్త లైనింగుని షూలు ప్లేటు మీద ఉండగానే లేతు మీద డ్రమ్ము కొలతకి తిప్పించాలి, లేకపోతే అంచులే తగిలి బ్రేకు పట్టదు. టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. మందం ఎంతున్నా ఆరేళ్లు దాటితే ట్రాక్‌కి పనికిరాదు. ఆయిల్ ప్లగ్గులు, ఫిల్టరు మూత అన్నిటికీ డ్రిల్ వేసి 0.8 మిల్లీమీటర్ల స్టీలు తీగ కట్టాలి. తీగ ఎప్పుడూ బిగించే దిక్కుకే లాగాలి. బ్రీదరు (ఇంజను లోపలి గాలి బయటికి పోయే) పైపుకి డబ్బా పెట్టాలి. ఇంకేం కావాలో ఎఫ్‌ఎంఎస్‌సీఐ (మన దేశపు మోటారు రేసుల సంఘం) నిబంధనల్లో ఉంటుంది, స్క్రూటినీకి (రేసుకి ముందు బండి తనిఖీకి) ముందే చదువుకోండి. ఇంకోటి, ఈ బండికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఇప్పటి బండ్లు నడిపిన కాలు కంగారులో గేరునే తొక్కుతుంది. స్టాండు మీద వేసి వందసార్లు అలవాటు చేసుకోండి.

స్టార్టు చేసేముందు ప్లగ్ తీసి, ఆయిల్ హెడ్డు దాకా వచ్చేవరకు చేత్తో తిప్పాలి. మొదటి పది ల్యాపులు ఇంజను నిమిషానికి 5500 చుట్లు దాటొద్దు. ఒకే వేగంలో పట్టి ఉంచకుండా పెంచుతూ తగ్గిస్తూ పోవాలి. కంపెనీ చెప్పిన పూర్తి శక్తి 8500 దగ్గర వస్తుంది, దానికి ఇంకా టైముంది. పూర్తిగా చల్లారాక, మర్నాడు పొద్దున్నే, హెడ్డు నట్లు మళ్లీ టార్క్ చెయ్యండి (కొలత ప్రకారం బిగించండి).

ఆయిల్ మాత్రం వేడిగా ఉండగానే, ట్రాకు దగ్గరే, తెల్లటి పాత పంచె గుడ్డలోంచి దించండి. బూడిదరంగు మెరుపు పొడి ఉంటే కంగారు లేదు, రింగులు కూర్చుంటున్నాయి. పల్చటి, మెరిసే పెచ్చులు వస్తే రాకరు క్రోమ్ లేస్తోంది, హెడ్డు విప్పాలి. అయస్కాంతానికి అంటుకునే సూదుల్లాంటి ముక్కలు బేరింగువో బెవెల్ పళ్లవో. అవి ఒక్కటి కనిపించినా బండిని వ్యాను ఎక్కించెయ్యండి, ఆ రోజుకి ఇంకో ల్యాపు లేదు.